ఇరవై గళ్లు

ఆకాశంలోకి పంపిన ఎక్స్‌రే టెలిస్కోపు మెడ వంకరపోయిందట, తిప్పినవాడి ఉద్యోగం ఇవాళే ఊడుతుందట. ఆఫీసు బస్సు నడిపే మొగుడు చెప్పాడని పక్కింటావిడ గోడ మీదుగా అల్లుడుగారి భార్య చెవిన వేసింది.

"తిప్పింది మీరేనా?" అంది భార్య.

"తిప్పలేదే. సర్దాను," అన్నాడు అల్లుడు. కాఫీ సగంలోనే వదిలి లేచాడు.

ఆ పూట అత్తగారిని కళ్లజోడు దుకాణానికి తీసుకెళ్లాలి. ఆవిడ అప్పటికే ఒళ్లో సంచితో వరండాలో కూర్చునుంది. "ఇప్పుడే వస్తానత్తయ్యా" అంటూ పరుగెత్తాడు. ఎప్పట్లాగే గేటు గడియ మరిచాడు. ఎప్పట్లాగే వెనకాల బయల్దేరిన బావమరిది దాన్ని వేశాడు.

ఆ టెలిస్కోపుకు గురి కుదర్చడం వాళ్లిద్దరి పని. చోటు ఖాయంగా తెలిసిన నక్షత్రం వైపు తిప్పి చూస్తే, గురి తెర మీది గళ్ల లెక్కన ఇరవై గళ్లు ఎడమకు పోతోందని తేలింది. నిన్న సాయంత్రం అల్లుడు ఇరవై గళ్లు కుడికి సర్దాడు. ముట్టుకున్నవాడు ఎర్ర పుస్తకంలో రాయాలని రూలు. పొద్దున రాద్దాంలే అనుకున్నాడు.

ఇప్పుడు ఆఫీసుకొచ్చి తెర మీద రాత్రి దిగిన బొమ్మ చూస్తే గురి ఇరవై గళ్లు కుడికి పోయి ఉంది. పది గంటలకు టెలిస్కోపు ఒక మసక నక్షత్రం వైపు తిరగాలి. దానికి కుడి పక్కనే భగభగ మండే నక్షత్రం ఒకటుంది. గురి అటు జారిందంటే ఆ కిరణాలకు టెలిస్కోపు కన్నే మాడిపోతుంది. నిన్న రెండుసార్లు నొక్కానేమో అనుకుని, ఇరవై గళ్లు తీసేశాడు. పుస్తకంలో రాయలేదు. రాస్తే తన ఉరితాడు తనే పేనుకున్నట్టు.

తొమ్మిదీ యాభైకి బావమరిది పాలిపోయిన మొహంతో వచ్చాడు.

"బావా, తిట్టకూడదు మరి. నిన్న పుస్తకంలో మీ రాత లేదు. గేటు గడియలాగే ఇదీ మరిచారనుకుని నేనో ఇరవై కుడికి సర్దా. మీ పరువెందుకని రాయలేదు. పొద్దున బస్సు కబురు విని భయమేసి, ఇందాకే తీసేశా."

"తీసేశావా? నేనూ తీసేశాను కదరా."

"ఎటు తీశారు బావా, ఎడమకేనా?"

"కంగారులో ఎటు నొక్కానో ఎవడికి గుర్తుంది?"

రెండు ఆదేశాలూ అప్పటికే పైకి వెళ్లిపోయాయి, కొత్త బొమ్మ పది దాటితే గానీ రాదు. పెద్దసారు వచ్చి వాళ్ల వెనకే నిలబడ్డాడు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా తెరకేసి చూస్తున్నారు. పది దాటింది. తెర నల్లగానే ఉంది. బావమరిది బావ చొక్కా అంచు పట్టుకున్నాడు.

మెల్లగా ఒక మసక చుక్క తేలింది. మండే నక్షత్రం కనబడలేదు. గురి ఇరవై గళ్లు ఎడమకుంది.

పెద్దసారు పాత కాగితం తీసి చూశాడు. "మొదటి రోజు ఎంతుందో ఇవాళా అంతే. ఒక్క గడి కదల్లేదయ్యా. బస్సులో కూతలకేం, ఇదీ నిలకడంటే. మీ ఇద్దరి గురించీ పైవాళ్లకి మంచి మాట రాస్తాను."

ఇల్లు చేరేసరికి రెండయింది. దుకాణం ఒంటిగంటకే మూసేశారు. అత్తగారు అదే సంచితో అదే కుర్చీలో ఉంది. కొడుకు ఉత్సాహంగా మొదట్నుంచీ చెప్పాడు, అల్లుడు మధ్యమధ్య అందించాడు. ఆవిడ అంతా విని, సంచి కింద పెట్టింది.

"అంటే మీరిద్దరూ నిన్నట్నుంచీ ఇంట్లోనే పడుకునుంటే, ఆ కన్ను అక్కడే ఉండేది, నా కంటికి జోడొచ్చేది."