పందివెంట్రుకల కాళ్లు

ఒక పెద్ద అడవిలో, చెట్లు అయిపోయి ఇసుక మొదలయ్యే పడమటి అంచున, నాంచారమ్మ అనే ముసలి చీమ తన సంతతితో ఒక మెట్ట మీద పుట్టలో ఉండేది. వానాకాలంలో మునగని చోటు అదొక్కటే. దానిపై సర్వేయరు నక్క కన్ను పడింది. దాని బావమరిదికి బొరియ కావలసి వచ్చింది.

నక్క నోటీసు అంటించింది: "లెక్క రానివారికి స్థలంపై హక్కు లేదు." ఈ నియమం రికార్డులలో ఎక్కడా కనబడదు. అది అతి ప్రాచీనమైనదని చెప్పినది నక్క ఒక్కటే.

విచారణకు తాబేలును నియమించారు. చీమ వెంట తొందరపడకుండా నడవగల అధికారి మరొకరు లేరు.

"ఏమమ్మా, నీకు లెక్క వచ్చా?" అంది తాబేలు.

"అంకెలు రావయ్యా. పొద్దును చూసి దిక్కు పట్టుకుంటాను. పోయినన్ని అడుగులే వేసి తిరిగొస్తాను. ఇల్లు కాళ్ల దగ్గర ఉంటుంది."

"ఉంటుందట!" నక్క నవ్వింది. "నడిచి చూపించు. తప్పితే సాయంత్రానికి ఖాళీ చెయ్యాలి."

"గుడ్లున్నాయి బాబూ. నాలుగు రోజుల్లో వానలు. ఎక్కడికి పోతాం?"

"అది సర్వే శాఖ పరిధిలోకి రాదు."

నాంచారమ్మ పుట్ట నుంచి నల్లరాయి దాకా నడిచింది. తాబేలు ప్రతి అడుగూ లెక్కపెట్టింది: పన్నెండు వందల నలభై.

రాయి దగ్గర నక్క గొంతు మెత్తబడింది. "పెద్దావిడవు, ఇసుక కాలుతోంది," అంటూ చీమ ఆరు కాళ్లకూ పందివెంట్రుకలు తుమ్మబంకతో అతికించింది. కాళ్లు పొడవయ్యాయి.

"ఇందువల్ల నడకలో తేడా వస్తుందా?" అంది తాబేలు.

"రవ్వంత కూడా రాదు. కేవలం గౌరవార్థం."

"అయితే రాసి సంతకం పెట్టు."

నక్క పెట్టింది.

నాంచారమ్మ బయలుదేరింది. లెక్క ముగియకుండా పక్కకు చూడటం చీమల ఆచారం కాదు. పుట్ట ముందు నుంచే సాగిపోయింది.

"అమ్మమ్మా, ఇల్లు దాటిపోతున్నావు!" మనవరాళ్లు అరిచారు.

"లెక్క మధ్యలో పలకరించకండర్రా!"

చివరికి మెట్ట అవతలి కొసన ఒక బొరియ ముందు ఆగింది. "ఇదే మా ఇల్లు."

"చూశారా!" నక్క ఎగిరింది. "చీమకు లెక్క రాదు!"

"పోయినవి పన్నెండు వందల నలభై. వచ్చినవీ అన్నే," అంది తాబేలు. "లెక్క తప్పలేదు."

"మరి పుట్ట ఏదీ?"

"అదే ఆలోచిస్తున్నాను. లెక్క సరిపోయింది. కాళ్ల వల్ల తేడా లేదని నీ సంతకమే ఉంది. తేడా ఉందంటావా, ఇప్పుడే చెప్పు. అధికారిని మోసగించిన నేరం కింద రాసుకుంటాను."

తేడా లేదన్నట్టు నక్క తల అడ్డంగా ఊపింది.

"అయితే తప్పు స్థలానిదే," అంది తాబేలు. " నాంచారమ్మ పుట్ట ఇక్కడ ఉన్నట్టు రికార్డు సవరిస్తున్నాను. ఇంతకూ ఈ బొరియ ఎవరిది?"

ఆ బొరియ నక్కది. చీమ ఎంత దూరం దాటిపోతుందో సర్వేయరు ముందుగా లెక్క కట్టుకోలేదు.

సాయంత్రానికి గుడ్లతో సహా చీమలన్నీ అందులోకి చేరాయి. వానలు వచ్చినప్పుడు నక్క మెట్ట ఎక్కి ఖాళీ పుట్టలో దూరబోయింది. తోక కొస మాత్రం పట్టింది.

నీతి: మోసం చేయదలచినవారు చేయవచ్చు, అందులో మోసం లేదని ముందే సంతకం మాత్రం పెట్టరాదు.