తీర్మానించిన అనుభవం

ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత శాన్ ఫాబ్రిసియో పట్టణంలో ఒక లాయరు తయారైందని, ఆ ఘనత పూర్తిగా తమదేనని మేయర్ హెర్మోహెనెస్ బారికా గారు సోమవారం జెండా వందనం దగ్గర ప్రకటించారు. సాక్ష్యంగా మునిసిపల్ ఆఫీసు గోడ మీద ఫ్లెక్సీ ఉండనే ఉంది. అందులో మేయర్ గారి ముఖం రెండు కిటికీలను మూసేసింది. కింద మూలన, తపాలా బిళ్ళంత సైజులో, బార్ పరీక్ష పాసైన జెనలిన్ పలోమార్ ఉంది.

జెనలిన్ చదువుకు మేయర్ గారు చేసిన సహాయం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ఆమె చదువుతున్న అయిదేళ్ళూ ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మన నాయకుల్లో ఎంతమందికి ఈ గుణం ఉంది?

ఆ రోజు ఆయన అంతటితో ఆగలేదు. వచ్చే నెల నుంచి ఈ అమ్మాయే మన పట్టణానికి లా ఆఫీసరని మైకులో అనేశారు. అలాంటి పోస్టు అప్పటిదాకా ఆ ఊళ్ళో లేదు. అది ఆ క్షణాన మైకు ఎదుటే పుట్టింది. జనం చప్పట్లు కొట్టారు. ఏం చెయ్యాలో తోచక జెనలిన్ కూడా కొట్టింది.

అప్పటికే ఆమె చేతిలో ఇలోయిలో నగరంలోని ఒక లాయర్ల ఆఫీసు ఉత్తరం ఉంది. ముప్ఫయ్యో తారీఖు లోపల చేరితే జెరాక్సు మిషను పక్కన ఒక బల్ల ఇస్తామన్నారు. బజారులో భోజనం హోటలు నడిపే తల్లి లుమింగ్ ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఊళ్ళోనే ఆఫీసరువి అవుతుంటే ఊరు దాటి జెరాక్సు మిషను పక్కన కూర్చోవడమేమిటే అంది. జెనలిన్ రాలేనని జవాబు రాసేసింది. ఆ బల్ల మర్నాడే ఇంకెవరికో వెళ్ళింది.

చేరడానికి వెళితే సిబ్బంది వ్యవహారాలు చూసే తెరెసిటా గారు రూలు పుస్తకం తీసి చూపించింది. లా ఆఫీసరుకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి.

"నాకు లైసెన్సు వచ్చి పదకొండు రోజులేనండీ," అంది జెనలిన్.

"చూశాను. రెండేళ్ళ మూడువందల యాభై నాలుగు రోజులు తక్కువపడ్డాయి."

"మొదటి ఉద్యోగం రాకుండా అనుభవం ఎలా వస్తుందండీ?"

తెరెసిటా గారు పుస్తకం ఇటునుంచి అటు తిరగేసి, దాని గురించి ఇందులో ఏమీ రాయలేదమ్మా అని మూసేసింది.

సంగతి మేయర్ గారి దాకా పోయింది. తాము ఉండగా ఊరి బిడ్డకు అనుభవం కరువేమిటని ఆయన నొచ్చుకున్నారు. సాయంత్రానికల్లా కౌన్సిలును పిలిపించారు. పలోమార్ జెనలిన్‌కు మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు భావించడమైనదని నలభై ఏడో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మూడేళ్ళేం సరిపోతాయి, అయిదిద్దామని ఒక కౌన్సిలరు ఉదారంగా అన్నాడు. మేయర్ గారు ఒప్పుకోలేదు. ప్రభుత్వంలో దుబారా ఆయనకు గిట్టదు.

కాగితం జిల్లాలో ఉద్యోగ నియామకాలు చూసే ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళు ఒక్క ప్రశ్న వేసి తిప్పి పంపారు: ఈ తీర్మానం చట్టప్రకారం చెల్లుతుందని ఒక లాయరు అభిప్రాయం జతచేయండి. ఊళ్ళో ఉన్న లాయరు ఒక్కతే. మేయర్ గారు ఆమెను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు.

"నీ మీద నమ్మకంతో అడుగుతున్నా తల్లీ. చట్టం ఏం చెబితే అదే రాయి. నా ముఖం చూడొద్దు."

"అలాగేనండీ."

"చెల్లుతుందని రాయి."

చెల్లదని లా కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. జెనలిన్ మూడు రోజులు కలం పట్టుకుని కూర్చుంది. ఉన్న బల్ల వదులుకుంది. లేని పోస్టుకు చప్పట్లు కొట్టింది. హోటల్లో చేప తినడానికి వచ్చిన ప్రతివాడూ లాయరమ్మా, ఎప్పుడు చేరుతున్నావని అడుగుతున్నాడు. నాలుగో రోజు పదకొండు పేజీలు రాసింది. ప్రజలెన్నుకున్న కౌన్సిలు ప్రజల గొంతు గనుక, ఒక పౌరుడికి ఫలానా అర్హత ఉన్నట్టు భావించే అధికారం దానికి సంపూర్ణంగా ఉన్నదని ఆ పేజీల సారం. సంతకం చేసేటప్పుడు సిగ్గేసింది. రాసింది మళ్ళీ చదవకుండానే ఇచ్చి వచ్చింది.

మేయర్ గారు మాత్రం చదివారు. కౌన్సిలులో అందరి ముందూ నిలబడి, ఆ సారం ఉన్న పేరాను రెండుసార్లు చదివారు. రెండోసారి ప్రతి మాటా ఒత్తి పలికారు. తర్వాత కళ్ళద్దాలు తీసి ఆలోచనలో పడ్డారు.

"అమ్మాయీ, పౌరుడంటే ఏ పౌరుడైనా పౌరుడేగా?"

"అవునండీ," అంది జెనలిన్.

"ఏ అర్హతైనా అర్హతేగా?"

దానికి జవాబు ఆమె పదకొండు పేజీల్లో అప్పటికే చెప్పి ఉంది.

మేయర్ గారి మేనల్లుడు ఎర్విన్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. అయిదుసార్లు బార్ పరీక్ష రాసి, అయిదుసార్లూ పరీక్ష పెట్టేవాళ్ళ పొరపాటు వల్ల తప్పినవాడు. అతను పాసైనట్టు భావిస్తూ నలభై ఎనిమిదో తీర్మానం నెగ్గింది. ముప్ఫై ఏళ్ళు ప్రాక్టీసు చేసినట్టు భావిస్తూ నలభై తొమ్మిదోది నెగ్గింది. కుర్రాడి వయసు చూసుకోవద్దా అని గుమాస్తా గొణిగాడు. వయసు గురించి తీర్మానంలో ఏమీ లేదు, లేనిదాని జోలికి మనమెందుకు పోవాలని మేయర్ గారు నచ్చజెప్పారు.

ఇక పోస్టుకు ఇద్దరు అభ్యర్థులయ్యారు గనుక ఎంపిక కమిటీ తప్పలేదు. బంధువు ఉన్న చోట తాము ఉండటం న్యాయం కాదని మేయర్ గారు గదిలోంచి లేచి వెళ్ళిపోయారు. కమిటీకి ఆయన భార్య అధ్యక్షత వహించారు. ఒకవైపు మూడేళ్ళ అనుభవం, ఇంకోవైపు ముప్ఫై. లెక్క చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మెట్ల దగ్గర మేయర్ గారు జెనలిన్ రెండు చేతులూ పట్టుకుని ఊపారు. "మొదటి వాదనే నెగ్గించుకున్నావమ్మా. ఎంతమంది లాయర్లకు ఆ అదృష్టం?"

ఆమె ఇంటికి నడిచి వెళ్ళింది. ఉద్యోగం సంగతేమయిందని లుమింగ్ అడిగితే, నా వాదన నెగ్గిందమ్మా అని చెప్పి గిన్నెలు కడగడానికి కూర్చుంది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం, కొత్త లా ఆఫీసరు ఎర్విన్ గారు ఇస్త్రీ చొక్కాతో హోటలుకు వచ్చారు. అన్నం, వేయించిన బంగూస్ చేప తెమ్మన్నారు. జెనలిన్ తెచ్చి పెట్టింది. ఆయన చేతిసంచీలోంచి పదకొండు పేజీలు తీసి పళ్ళెం పక్కన పెట్టుకున్నారు.

"లాయరమ్మా, జిల్లా వాళ్ళు నన్ను రమ్మన్నారు. ఇందులో ఏముందో నన్ను వివరించమంటున్నారు. అసలేముంది ఇందులో?"

జెనలిన్ కాగితాల వంక చూసింది. చేతులు తువ్వాలుకు తుడుచుకుంది.

"నాది మూడేళ్ళ అనుభవం బాబూ. ముప్ఫై ఏళ్ళవాళ్ళకి నేనేం చెప్పగలను?"

ఎర్విన్ గారు కాగితాలు మడిచి సంచీలో పెట్టుకున్నారు.

"అదీ నిజమేలే," అని, ఇంకో చేప ముక్క వెయ్యమన్నారు.