అత్తగారి ఆఖరి రవికె

మంగళవారం పొద్దున మెర్లిండా వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారైన పురింగ్, చర్చి నుంచి తిరిగొచ్చేలోగా ఆవిడ ట్రంకుపెట్టెలోంచి ఒక రవికె తీయాలి. అది తొడుక్కుని ఎనిమిదింటికి డన్‌కన్‌తో కంప్యూటరులో మాట్లాడాలి. తర్వాత మడత చెడకుండా మళ్ళీ పెట్టెలో పెట్టేయాలి.

ఆమెకున్న ఒక్క మంచి బ్లౌజునూ ఇస్త్రీపెట్టె కాల్చేసింది. పెట్టెలో ఉన్నది అనాసనారతో నేసిన తెల్ల రవికె, గుండెల మీద మల్లెతీగల కుట్టుపని. శవపేటికలో పడుకోబెట్టేటప్పుడు తొడగడానికని పురింగ్ దాన్ని ఏనాడో కుట్టించుకుంది. ఏటా ఒకసారి ఎండలో ఆరేసి, "నా ప్రయాణం బట్టలు" అంటూ మళ్ళీ దాచేది.

బకోలోద్ ఊరి చివర తన వంటింటి బల్ల ముందు కూర్చునే మెర్లిండా కెనడాలో డన్‌కన్ నడిపే అతిథి గృహాల పనులు చూస్తుంది. ఉత్తరాలకు జవాబులు రాయడం, ఎవరికి ఏ గదో ఖాయం చేయడం. దీన్ని వర్చువల్ అసిస్టెంటు ఉద్యోగం అంటారు. పరీక్షా కాలం ఆ రోజుతో ముగుస్తుంది. ఆయన కొనసాగిస్తే ఏడాది పని. లేకపోతే మళ్ళీ కువైట్ వెళ్ళి ఎవరింట్లోనో అంట్లు తోమడమే. కిందటిసారి అలా వెళ్ళి తిరిగొచ్చినప్పుడు కన్నకూతురు ఆమెను "ఆంటీ" అని పిలిచింది.

ఇక్కడ మంగళవారం పొద్దున ఎనిమిదైతే డన్‌కన్‌కు సోమవారం సాయంత్రం ఐదు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ పురింగ్‌కు ఆయనంటే భయం. "నిన్నటి మనిషి లైనులోకి వచ్చాడా?" అని గొంతు తగ్గించి అడిగేది. నిన్నట్లో కూర్చుని ఇవాళ్టివాళ్ళతో మాట్లాడేవాడు మామూలు మనిషి కాడని ఆవిడ నమ్మకం.

మసిబారిన గోడ కనబడకుండా మెర్లిండా తెరమీద తన వెనకాల కంప్యూటరు చూపించే పుస్తకాల అరల బొమ్మ పెట్టుకుంది. బయట మబ్బు కమ్మింది. కరెంటు తక్కువగా వచ్చి బల్బు గుడ్డిగా వెలుగుతోంది.

"గొంతు వినబడుతోంది మెర్లిండా," అన్నాడు డన్‌కన్. "రవికె కూడా కనబడుతోంది. నువ్వు లేవు."

తెర మూలనున్న తన గడిలోకి చూసుకుని ఆమె ఉలిక్కిపడింది. పుస్తకాల ముందు తెల్ల రవికె ఒక్కటే నిటారుగా కూర్చుని ఉంది. మెడ దగ్గర్నుంచి పైకి ఏమీ లేదు. ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా మల్లెతీగలు లేచి పడుతున్నాయి.

వెనకాల గిన్నె దొర్లింది. ఫాదర్‌కు జ్వరమని పూజ ముందే ముగిసింది. గుమ్మంలో పురింగ్.

"తల ఏదే?"

"ఇదిగో అత్తయ్యా, ఇక్కడే ఉంది!"

"ఇక్కడిది నాకూ కనబడుతోంది. అక్కడిది ఏదీ?"

తల లేకుండా కనబడ్డ మనిషి ఎక్కువ కాలం బతకడని ఆ ఊరివాళ్ళకు పసిపిల్లలప్పుడే తెలుస్తుంది. విరుగుడు ఒకటే. అప్పుడు ఒంటిమీదున్న బట్టను వెంటనే విప్పి కాల్చేయాలి.

"వెలుతురు చాలక అలా కనబడింది అత్తయ్యా."

"ఆ వీధి చివరింటి ఆర్సెనియో తల లేకుండా కనబడ్డప్పుడూ వెలుతురు చాలకే అన్నారు. ఏడీ ఇప్పుడు? పైగా చూసినవాడు నిన్నట్లో ఉన్నాడాయె. నిన్నట్నుంచి చూసేవాడికి ఇవాళ జరగబోయేది కనబడదూ?"

కేకలు విని పక్కింటి లుదింగ్ పరుగెత్తుకొచ్చింది. "నిప్పులు సిద్ధంగా ఉన్నాయి పిన్నీ! చేపలు ఇప్పుడే దించాను."

"సార్, ఐదు నిమిషాలు," అంది మెర్లిండా తెరతో. "నా తల కనబడలేదు కాబట్టి వీళ్ళు నా బట్టలు కాలుస్తారట."

డన్‌కన్ పెద్దగా నవ్వాడు. ఆమె లేచి గదిలోకి పోయి, ఇస్త్రీలో కాలిన బ్లౌజును ఉండచుట్టి తెచ్చి లుదింగ్ చేతిలో పెట్టింది. లుదింగ్ విప్పి చూసింది.

"ఇది ఇదివరకే కాలిందిగా!"

"అది కాదు. అక్కడ కనబడింది తెల్లది," అంటూ పురింగ్ కోడలి భుజం పట్టుకుంది. ఆవిడ కళ్ళకు పొరలు వచ్చాయి గాని వేళ్ళకు రాలేదు. మల్లెతీగ మీద వేళ్ళు ఆగిపోయాయి.

లుదింగ్ పెరట్లో చేపనూనె నిప్పుల మీద చిటపటమంటోంది. ఖాళీ కుర్చీ ముందు కంప్యూటరు "హలో, హలో" అంటోంది.

"ఇది నాది," అంది పురింగ్.

"ఒక్క గంట కోసం, అత్తయ్యా..."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని మెర్లిండా అనుకుంది.

"నా రవికెకు తల లేదంటే, ఆ లేని తల ఎవరిదే?"

"విప్పు," అంది పురింగ్.

ఆవిడే తీసుకెళ్ళి నిప్పుల మీద వేసింది. పల్చటి బట్ట క్షణంలో మాయమైంది. మెడపట్టీ మాత్రం, లోపల ఎవరిదో గొంతు ఉన్నట్టు, కాసేపు గుండ్రంగా నిలబడి అప్పుడు కూలింది. అదే నిమిషంలో కరెంటు పోయింది. దాంతోపాటే డన్‌కన్ పోయాడు.

"ఇక నాకు చావడానికి బట్టల్లేవు," అని పురింగ్ చేతులు దులుపుకుని, లుదింగ్ దగ్గర రెండు చేపలు తెప్పించుకుని తింది.

మెర్లిండా ముద్ద ముట్టలేదు. సాయంత్రం అటకమీది కువైట్ పెట్టె దించి దుమ్ము తుడిచింది. కూతురు చూసి ఏమీ అడగకుండా పెట్టె మీదెక్కి కూర్చుంది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి కంప్యూటరు మోగింది. మెర్లిండా రెండు దీపాలు మొహం మీదికి తిప్పుకుంది. వెనకాల జపమాలతో పురింగ్. తెరమీద డన్‌కన్ నిద్రలేని మొహంతో ఉన్నాడు.

"నువ్వు లేచి వెళ్ళాక తెరమీద నా బొమ్మ వంక చూసుకున్నాను," అన్నాడు. "స్వెట్టరు ఉంది. నేను లేను."

"వెలుతురు చాలక అయ్యుంటుంది సార్."

"దీపం సరిగ్గా నెత్తిమీదే ఉంది." కళ్ళు నలుపుకున్నాడు. "అది మా నాన్న స్వెట్టరు. ఆయన పోయాక మొదటిసారి వేసుకున్నాను."

మెర్లిండా అది అత్తగారికి తమ భాషలో చెప్పింది.

"విప్పాడా, లేదా?" అంది పురింగ్.

"ఏడాదికి ఒప్పందం పంపుతున్నాను మెర్లిండా. ఇలాంటివి తెలిసిన మనిషి నాకు ఇంకెవరూ లేరు. స్వెట్టరు విప్పేశాను, గరాజులో ఉంది. ఇక్కడ పెరట్లో మంట వెయ్యనివ్వరు. పాతిపెడదామంటే నేల గడ్డకట్టింది. ఆలస్యమైపోయిందేమో మీ అత్తగారిని అడుగు."

పురింగ్ వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది.

"కంగారు పడొద్దు, ఇంకా వేళ మించలేదని చెప్పు. మనం కాల్చింది మంగళవారం కదా. ఆయనకింకా మంగళవారమే నడుస్తోంది."