గేరుబాక్సులో కుడిచెయ్యి

ఆ పొద్దు గూళూరు మీద బాగా మబ్బు పట్టింది. ఒక్క చినుకూ రాల్చకుండా బాగేపల్లి దిక్కుకు జరిగిపోయింది. నరసింహప్ప పైకి ఒకసారి చూసి, పంచె ఎగ్గట్టి, వాకిట్లో గోనెపట్ట మీద కూర్చున్నాడు. ఎదురుగా గేరుబాక్సు ఉంది. కారేమో అవతల చింతచెట్టు కింద ఉంది. రెండింటినీ విడదీసింది ఆయనే.

మధ్యాహ్నానికి కెంచార్లహళ్ళి నుంచి సుబ్బరాయప్ప వస్తాడు. నరసింహప్ప కూతురు ప్రతిమను ఆయన కొడుక్కు ఇచ్చే మాట ఈరోజు తేలాలి. ఆడపిల్ల తండ్రి కుడిచేత్తో తాంబూలం ఇచ్చి, అవతలివాడు కుడిచేత్తో అందుకుంటే మాట ఖాయం. లేకపోతే విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోతారు. సుబ్బరాయప్ప ఇదివరకు అట్లా లేచివచ్చిన మనిషే. ఆయనను బాగేపల్లి బస్టాండు నుంచి కారులో తీసుకొస్తానని నరసింహప్ప పోయిన వారమే గొప్పగా చెప్పాడు.

లోపలి సామానంతా ఊడింది. ఒక్క గేరు మాత్రం బాక్సు ఇనుప డొల్లలో బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోశాడు. వేడినీళ్ళు పోశాడు. తిట్టాడు.

"మెకానిక్కును పిలవరాదా?" అంది భార్య హనుమక్క.

"అమరేషు ఊర్లో లేడు. నేను ఫోనులో చూసినాలే. వెనకనుంచి చెయ్యి పెట్టి తోసి, ముందర కొడితే ఊడొస్తాది. నేను తోస్తా, నువ్వు కొట్టు."

"సుత్తి పక్కింటి యశోదమ్మ తీసకపాయె."

"ఏదో ఒకటి తెచ్చి కొట్టు."

హనుమక్క రోకలి తెచ్చింది. ఇన్నేండ్ల కాపురంలో అనకుండా దాచుకున్నదంతా ఆ ఒక్క దెబ్బలో ఉంది. గేరు ఊడింది. ఊడి, జారి, నరసింహప్ప కుడి మణికట్టును డొల్లకు అదిమి అక్కడ కూర్చుంది.

"నొప్పిగా ఉండాదా?"

"లేదు."

"అయితే చెయ్యి తియ్యి."

"వస్తాలేదు."

సబ్బు రుద్దారు. చెనక్కాయ నూనె పోశారు. చెయ్యి నున్నగా అయింది కానీ బయటికి రాలేదు. బాగేపల్లిలో ఎవడో ఒకడు మెకానిక్కు దొరుకుతాడని నరసింహప్ప డొల్లను మేకపిల్లను పట్టుకున్నట్టు చంకలో పట్టుకుని, పైన తుండు కప్పుకుని బస్సెక్కాడు.

"లగేజీకి టికెట్ తీయాలప్పా," అన్నాడు కండక్టరు.

"లగేజీ కాదు, ఇది నా చెయ్యి."

కండక్టరు తుండు ఎత్తి చూశాడు. "చేతికి వద్దులే. మిగిలిందానికి తియ్యి," అన్నాడు.

బాగేపల్లిలో దిగేసరికి సుబ్బరాయప్ప అప్పటికే వచ్చి బస్టాండులో నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, ముఖాన విభూది.

"ఏమప్పా నరసింహప్పా, కారు యాడ?"

"ఇంటికాడ ఉండాది." అది అబద్ధం కాదు.

"మరి చంకలో అదేంది?"

"గుమ్మడికాయ." ఇది అబద్ధం.

"కారు ఇంట్లో పెట్టి గుమ్మడికాయ తెచ్చినావా?"

ఆయన ఎదుట మెకానిక్కును వెతకడం కుదరక నరసింహప్ప వచ్చిన దారినే తిరిగాడు. ఇద్దరూ గూళూరు బస్సెక్కారు. కూర్చోవడానికి చోటు లేదు. నరసింహప్ప ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని ఊగుతుంటే సుబ్బరాయప్పకు జాలేసింది.

"ఇట్లా ఇయ్యి, కొంచేపు నేను మోస్తా."

"వద్దులేప్పా."

"ఇయ్యమంటే."

"నాకు అలవాటే."

సుబ్బరాయప్ప ముఖం తిప్పుకున్నాడు. "గుమ్మడికాయను నమ్మి ఇయ్యలేనోడివి, పిల్లనేం ఇస్తావు," అన్నాడు, కిటికీతో అన్నట్టు.

ఇంట్లో చాప వేశారు. తమలపాకులు, వక్కలు తట్టలో సిద్ధంగా ఉన్నాయి. నరసింహప్ప ఎటూ దిక్కు తోచక ఎడమచేత్తో తట్ట ముందుకు చాచాడు.

సుబ్బరాయప్ప లేచి నిలబడ్డాడు. "ఎడమచేత్తోనా? ఇష్టం లేకుంటే ఫోనులోనే చెప్పుంటే సరిపోయేది కదప్పా."

హనుమక్క వచ్చి మొగుడి మీది తుండు లాగేసింది.

సుబ్బరాయప్ప వంగి వేలితో తట్టి చూశాడు. "ఇది గుమ్మడికాయ కాదే," అన్నాడు.

"గేరుబాక్సు," అన్నాడు నరసింహప్ప.

"ముందే చెప్పకూడదా? బోరు మోటార్లు విప్పినోడిని నేను. ఇంతదానికా." ఆయన చొక్కా చెయ్యి మడిచి, అవతలి కంతలోనుంచి కుడిచెయ్యి దూర్చి గేరును పట్టుకుని లాగాడు. గేరు తిరిగింది. తిరిగి ఇద్దరినీ పట్టుకుంది.

"మోటారులో ఇట్లా కాదు," అన్నాడాయన.

హనుమక్క ఇద్దరినీ చూసింది. తట్టలోని తమలపాకులను వక్కతో సహా చుట్టి, డొల్ల నెత్తిన ఉన్న కంతలోనుంచి లోపలికి జారవిడిచింది. నరసింహప్ప వేళ్ళు లోపల తడుముకున్నాయి. ఇంట్లోవాళ్ళంతా గేరుబాక్సును చూస్తూ నిలబడ్డారు. చూడటానికి ఏమీ లేదు.

"అందిందాప్పా?" అంది హనుమక్క.

సుబ్బరాయప్ప భుజం డొల్ల వైపు ఇంకొంచెం వంగింది. ప్రతిమ గడప దాటి ఒక అడుగు ముందుకు వచ్చింది.

"అందిందిలేమ్మా," అన్నాడాయన.

"ఏ చేత్తో?"

"కుడిచేత్తోనే. ఇంకో చెయ్యి పట్టేదానికి లోపల చోటు యాడుండాది? ఏం బావా?"

"లేదు బావా," అన్నాడు నరసింహప్ప.

అమరేషు ఫోను ఎత్తాడు కానీ పొద్దుగూకితే గానీ రాలేనన్నాడు. గేరుబాక్సును మధ్యలో పెట్టుకుని వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అన్నం కలిపి హనుమక్క ఒక ముద్ద ఈయనకు, ఒక ముద్ద ఆయనకు పెట్టింది. చారులో ఉప్పు మరిచిపోయిన సంగతి మొదటి ముద్దకే ఇద్దరికీ తెలిసింది. తల వంచుకుని చివరిదాకా తిన్నారు.