ఆర్విడ్ విల్లు లాగకూడని రోజు

గురువారం ఉదయం ఆర్విడ్ పెట్టుకున్న పని ఒక్కటే: పదింటికి క్లినిక్‌కి వెళ్లి పరీక్ష తప్పి రావడం.

శనివారం విల్లుతో జింకల వేట మొదలు. విస్కాన్సిన్ ఉత్తరపు అడవుల్లో ముప్పై ఎనిమిదేళ్లుగా తొలిరోజు తెల్లవారేసరికి అతను మంచె మీద ఉండేవాడు. పోయినేడు ఆ మంచె మీంచే పడి కుడి భుజం పాడుచేసుకున్నాడు. పళ్లతో నారి లాగే తోలు పట్టీ తెచ్చి వేసవంతా సాధన చేద్దామనుకున్నాడు. మూడో బాణంతో పాటు కట్టుడు పళ్లు కూడా వెళ్లి గడ్డిమోపులో దిగబడ్డాయి. ఇక మిగిలింది క్రాస్‌బో. దాన్ని తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కితే చాలు. కానీ అప్పట్లో దానికి పర్మిట్ కావాలి. కాటాకి కట్టిన పిడిని ముప్పై అయిదు పౌండ్ల దాకా లాగలేని వాళ్లకే అది ఇచ్చేవారు.

"నీకు చేతకాదన్న సంగతి అక్కడ కూడా కనబడనీ. ఇంట్లో రోజూ కనబడుతూనే ఉందిగా," అంది భార్య మార్లిస్, అతని చొక్కా గుండీలు పెడుతూ.

కారు నడపడానికి ఆమె తమ్ముడు గోర్డీ వచ్చాడు. కథ అక్కడే అడ్డం తిరిగింది.

క్లినిక్ వరండా నిండా అదే పర్మిట్ కోసం వచ్చిన విలుకాళ్లు. గది ఇరుకని, పరీక్ష చేసే షెల్బీ కాటాను వాళ్ల మధ్యకే తెచ్చింది. ఆర్విడ్ పిడి పట్టి లాగాడు. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగి వణికింది. అంతా అనుకున్నట్టే ఉంది.

"అంతేనా బావా? మా అక్క నీ చెవి ఇంతకంటే గట్టిగా లాగుతుంది!" అన్నాడు గోర్డీ.

వరండా అంతా పగలబడి నవ్వింది. ఆ ఊళ్లో మగాడు పెళ్లిరోజైనా మరిచిపోతాడు గానీ, తన విల్లు లాగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో మరిచిపోడు. ఆర్విడ్‌ది డెబ్భై. అతను కళ్లు మూసుకుని మళ్లీ లాగాడు. ముల్లు ముప్పై ఏడు దాటింది. చప్పట్లు మోగాయి.

"అభినందనలు సార్. మీకు పర్మిట్ అక్కర్లేదు," అని షెల్బీ రాసేసింది.

"అయ్యో తల్లీ, అది బలం కాదు, పరువు! రాసింది కొట్టెయ్యి!"

"కాగితంలో పరువుకి గడి లేదండీ."

"నిజమేనమ్మా, మా బావకి బొత్తిగా చేతకాదు. నేను సాక్షిని," అన్నాడు గోర్డీ, సాయం చేద్దామని.

"ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారా?" అంది షెల్బీ.

"మేం మోసగాళ్లమా!" అంటూ ఆర్విడ్ కుడిచెయ్యి పైకెత్తాడు. భుజం లోపల ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. కూలబోతూ ఎడమచేత్తో బల్ల పట్టుకున్నాడు. ఆ బల్లకి చక్రాలున్నాయి.

గంట తర్వాత అతని రెండు చేతులూ ఛాతీకి కట్టేసి ఉన్నాయి. డాక్టరు పాత కాగితం చింపి కొత్తది రాశాడు.

"ఇంత నిఖార్సయిన అర్హత నా సర్వీసులో చూడలేదు," అన్నాడాయన. పర్మిట్ అక్కడికక్కడే చేతిలో పెట్టారు, గోర్డీ చేతిలో.

శనివారం తెల్లవారింది. మంచె మీద గోర్డీ ఉన్నాడు. వంటింట్లో మార్లిస్ ఓట్స్ జావ తినిపిస్తుంటే ఆర్విడ్ కిటికీలోంచి చూస్తున్నాడు. పది పాయల కొమ్ములున్న మగజింక ఒకటి తాపీగా పెరట్లోకి వచ్చి, ఇరవై అడుగుల దూరంలో నిలబడి, క్యాబేజీలు ఒక్కొక్కటే నమలసాగింది.

"మార్లిస్," అన్నాడతను, "ముప్పై ఎనిమిదేళ్లలో అంత పెద్దది నేను చూళ్లేదు."

"నోరు తెరు. జావ చల్లారిపోతోంది."

పర్మిట్ డిసెంబరు ఆఖరు దాకా చెల్లుతుంది. చేతుల కట్లు విప్పేది జనవరిలో.