రేకుల కింద సూర్యాస్తమయం

ఆటను కళ్ళారా చూసినవాళ్ళకు ఆట గురించి రాసే అర్హత లేదు. ఇంత సులభమైన సత్యం నాకు ఇంత ఆలస్యంగా బోధపడినందుకు విచారిస్తున్నాను.

ఒక్కసారి ఆలోచించండి. ఆట చూసినవాడి గతి ఏమిటి? ఎవరు గెలిచారో వాడికి తెలిసిపోతుంది! తెలిసిపోయాక ఇక స్వేచ్ఛగా ఏం ఆలోచించగలడు? స్కోరు వాడి చేతులు కట్టేస్తుంది. బంతి గీత లోపల పడిందన్న చిన్న విషయం దగ్గర ఎంత గొప్ప వాక్యమైనా కాలు విరిగి కూలబడుతుంది. చూడనివాడికి ఈ ఇబ్బందులేవీ లేవు. అతడి కలం ఎటు తిరిగితే ఆట అటు తిరుగుతుంది.

నాకు ఈ కనువిప్పు కలిగించినవాడు మా చెల్లెలి మనవడు. కాలేజీ చదువు కోసం మా ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాడు. ఇంట్లో అందరూ అతణ్ణి మేధావి అంటారు. మొదట వేళాకోళానికే అన్నారు. అతడు నిజమనుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం కష్టం.

కాలేజీ వారపత్రికలో మేధావికి ఒక పేజీ ఉంది. పేరు ‘నాకనిపించింది’. పై భాగంలో క్రీడలు, మధ్యలో పాప్ కల్చర్, అడుగున ఇండీ మ్యూజిక్. వారం తిరిగేసరికి ఈ మూడింటి మీదా అతడికి ఏదో ఒకటి అనిపించి తీరుతుంది. అనిపించని వారం ఇంతవరకూ రాలేదు. మనలో ఎంతమందికి ఇంత క్రమం తప్పకుండా అనిపిస్తుంది చెప్పండి?

ఈ పేజీని అతడు లైబ్రరీలో, కిటికీ పక్కనున్న బల్ల మీద రాస్తాడు. ఆ కిటికీ కిందే అమ్మాయిల వాలీబాల్ కోర్టు. సాయంత్రం ప్రాక్టీసు మొదలవగానే బంతి చప్పుడు, కేకలు పైకి వినిపిస్తాయి. అప్పుడు మేధావి లేచి కిటికీ మూసేస్తాడు. క్రీడల గురించి రాస్తున్నప్పుడు ఆటల గోల అడ్డం రాకూడదు కదా! ఆపైన హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, సముద్రాల అవతల ఏదో క్లబ్బు తన గోల్‌కీపర్‌ను ఎందుకు మార్చాలో ఆ క్లబ్బుకు తెలియజేస్తాడు. ఆ క్లబ్బు ఇంతవరకూ స్పందించలేదు. గోల్‌కీపర్ కూడా తన పని తాను చేసుకుపోతున్నాడు.

పాప్ కల్చర్‌లో అతడి చూపు మరీ లోతైనది. ఒక హీరో జుట్టు కత్తిరించుకుంటే ఒక యుగం ముగిసిందని రాశాడు. ఒక నటి ఒకే కోటును రెండు ఫంక్షన్లకు వేసుకొస్తే అది వినియోగ సంస్కృతి మీద తిరుగుబాటని తేల్చాడు. నేను ఏళ్ళ తరబడి ఒకే శాలువా కప్పుకుంటున్నాను. నా తిరుగుబాటు మాత్రం మేడ మీది దాకా చేరలేదు.

ఇక ఇండీ మ్యూజిక్! అదేమిటని ఒకనాడు కాఫీ ఇస్తూ అడిగాను. పెద్ద కంపెనీల అండ లేకుండా ఎవరి పాట వాళ్ళు చేసుకోవడమని చెప్పాడు. మంచి మాటే అనిపించింది. అయితే మేధావి లెక్కలో ఆ పాటకు ఇంకో లక్షణం ఉండాలి. దాన్ని ఎవరూ వినకూడదు. ఒక పాటను నెలల పాటు నెత్తిన పెట్టుకున్నాడు. తీరా ఒక రోజు కాలేజీ బస్సు డ్రైవరు గేరు మారుస్తూ అదే పాట ఈల వేశాడట. మేధావి ఆ రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు. “అది అందరిదీ అయిపోయింది అమ్మమ్మా,” అన్నాడు, ఆత్మీయులెవరో పోయినంత దిగులుగా.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. దూరదేశపు గోల్‌కీపరు, జుట్టు కత్తిరించుకున్న హీరో మన కాలేజీ పత్రిక చదవరు. చిక్కల్లా మొన్న వచ్చింది. మన అమ్మాయిల వాలీబాల్ జట్టు కాలేజీల పోటీలో ఫైనల్‌కు చేరింది. పత్రిక ఎడిటర్ మేధావిని పట్టుకుని, ఈసారైనా మన కాలేజీ గురించి నాలుగు ముక్కలు రాయమన్నాడట.

పత్రిక గురువారం మధ్యాహ్నం ప్రెస్సుకు పోతుంది. ఫైనల్ గురువారం సాయంత్రం. మరొకరైతే ఆట అయ్యాక వచ్చేవారం రాసేవారు. మేధావి అంత పిరికివాడు కాదు. ఉదయమే కూర్చుని రాసేశాడు.

ఆ భాగాన్ని మీకు యథాతథంగా వినిపిస్తాను: “వాళ్ళు ఓడిపోయారు. కానీ ఎంత అందంగా ఓడిపోయారు! అస్తమించే సూర్యుడి వెలుగు ఆ అలసిన ముఖాల మీద పడుతుంటే, ఎవరూ వినని పాటలోని చివరి స్వరంలా అనిపించింది. గెలుపు మార్కెట్‌ది. ఓటమి మనది.”

ఆ సాయంత్రం జట్టు గెలిచింది. మూడు సెట్లలో ఒకటి పోగొట్టుకుని, చివరి సెట్లో వెనకబడి, మళ్ళీ పుంజుకుని గెలిచింది. జట్టు కెప్టెన్‌ను అందరూ గోడ అంటారు; నెట్ దగ్గర ఆ పిల్ల చేతులెత్తితే అవతలి స్మాష్ ఎంతటిదైనా వచ్చిన దారినే పోతుంది. చివరి పాయింటు కూడా ఆ చేతులదే.

ఇదంతా నేనెలా చెప్పగలుగుతున్నాను? చూశాను కనుక. మా పక్క వీధిలో ఉండే ఆ పిల్లే వచ్చి రమ్మని పిలిస్తే వెళ్ళి, ఊరి చివర ఫైనల్ జరిగిన రేకుల షెడ్డులో, ట్యూబులైట్ల కింద, గట్టి బెంచీ మీద కూర్చుని చూశాను. మర్నాడు పత్రిక రాగానే మేధావికి ఆ మాటే చెప్పాను. అతడు నా వైపు జాలిగా చూశాడు.

“అక్కడే కూర్చున్నవాళ్ళకి మొత్తం కనిపించదు అమ్మమ్మా. కొంచెం దూరం కావాలి,” అన్నాడు.

నా కనువిప్పు ఆ క్షణంలోనే జరిగింది.

కాలేజీ మొత్తానికి కూడా కావలసినంత దూరం ఉంది. ఎవరూ ఆటకు వెళ్ళలేదు కనుక అందరూ పత్రికనే నమ్మారు. వాచ్‌మన్ కెప్టెన్ గోడను చూసి తల దించుకున్నాడట. క్యాంటీనామె ఓదార్పుగా టీ ఇచ్చి, బాధపడకు తల్లీ అని భుజం తట్టిందట. ఒక లెక్చరర్ ఓటమి నేర్పే పాఠాల మీద క్లాసులోనే ఉపన్యసించాడు. కప్పు కళ్ళెదుట ఉంటే దాన్ని కూడా రెండో బహుమతనుకున్నారు. అచ్చులో ఉన్న వాక్యం ముందు ఇత్తడి కప్పు ఏపాటి సాక్ష్యం!

ఆదివారం గోడ మా ఇంటికి వచ్చింది. సోమవారం కాలేజీ కమిటీ మీటింగు. వాలీబాల్ కోర్టును తీసేసి, అక్కడ సిమెంటు వేసి, ఇండీ మ్యూజిక్ రాత్రుల కోసం స్టేజీ కట్టాలని సాంస్కృతిక సంఘం అడుగుతోంది. పై స్థాయి టోర్నమెంటుకు జట్టు ప్రాక్టీసు చేయాల్సింది ఆ కోర్టులోనే. వేరే చోటు లేదు. అచ్చు పత్రిక మళ్ళీ వచ్చేది శుక్రవారమే కనుక, పత్రిక వాళ్ళు ఫోన్లో నడిపే పేజీలోనైనా నిజం రాయమని అడగడానికి వచ్చింది.

“ఒక్క లైను చాలు. గెలిచామని,” అంది.

“అది రిపోర్టు కాదక్కా. ఆలోచన. ఆలోచనకి సవరణ ఏముంటుంది?” అన్నాడు మేధావి.

“మేం ఓడిపోలేదు కదరా.”

“నేను రాసింది మీ ఒక్కళ్ళ ఓటమి గురించి కాదు. అందరి ఓటమి గురించి.”

“అందరి కోర్టూ పోవట్లేదు. మాది పోతోంది.”

మేధావి మాత్రం, నీకింత కోపం వచ్చిందంటే ఆ రచన పనిచేసినట్టేనని ఆ పిల్లను అభినందించాడు. గోడ కాఫీ గ్లాసు కింద పెట్టి లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగింది:

“సరే గానీ, సూర్యాస్తమయం ఎక్కడ చూశావురా? పైన రేకులుగా.”

దానికి మాత్రం మేధావికి ఏమీ అనిపించలేదు.

సోమవారం కమిటీలో ప్రిన్సిపాల్ పత్రిక తెరిచి, పాపం ఆ పిల్లలు ఓడిపోయారు గదా, ఇక కోర్టు దేనికి అన్నారట. ఆటల మాస్టారు లేచి, గెలిచామండీ, నేనక్కడే ఉన్నానని మొత్తుకున్నాడు. మాస్టారికి తన జట్టు మీద అభిమానం ఉండడం సహజమేనని కమిటీ పెద్దమనసుతో నవ్వి ఊరుకుంది. చూసినవాడికి అర్హత లేదని నేను మొదటే చెప్పలేదా? మంగళవారం కోర్టు పక్కన సిమెంటు బస్తాలు దిగాయి. నెట్ చుట్టేసి ఒక మూల పడేశారు. సిమెంటు పోసేలోపు ప్రారంభోత్సవం కానిద్దామని కోర్టు మీద చెక్కపలకలు పరిచారు.

ఆ పలకల మీద, ఈ గురువారం సాయంత్రం, మొట్టమొదటి పాట పాడబోయేది ఎవరనుకున్నారు? మా మేధావే! సొంత పాట. సొంత బాణీ. మేడ మీద రోజూ సాధన చేస్తున్నాడు. ఎవరూ వినకూడదన్న పాటకు అరిచి మరీ అందరినీ పిలుస్తున్నాడు. బస్సు డ్రైవరును కూడా పిలిచాడు.

ఊరి పత్రికలో నేను రాసే ఈ కాలమ్ కూడా గురువారం మధ్యాహ్నమే ప్రెస్సుకు పోతుంది. కచేరీ సాయంత్రం. మరొకరైతే ఆగేవారు. నేను అతడి శిష్యురాలిని కనుక బుధవారమే సమీక్ష రాసి, రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాను:

“అతడు పాడలేకపోయాడు. కానీ ఎంత అందంగా పాడలేకపోయాడు! మైకు మూగబోయింది. రెండో చరణంలో గొంతు జీరబోయింది. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతుంటే, అస్తమించే సూర్యుడి వెలుగు ఖాళీ కుర్చీల మీద పడింది.”

మేధావి ముద్ద కంచంలో పెట్టేశాడు.

“అమ్మమ్మా, నేనింకా పాడనే లేదు.”

“ఇది రిపోర్టు కాదు నాయనా. ఆలోచన.”

“మీది అందరూ చదువుతారు. నిజమనుకుంటారు.”

“అక్కడ కూర్చున్నవాళ్ళు కాదంటారులే.”

“వాళ్ళ మాట ఎవరు వింటారు?” అన్నాడు. అనేశాక కంచం పక్కకు జరిపి లేచాడు.

ఆ తరువాత అతడు పైకి వెళ్ళాడు. ఆ రాత్రి మేడ మీద పాట వినిపించలేదు. ఈ ఉదయం పత్రిక వాళ్ళ ఆ ఫోను పేజీలో ఒక వాక్యం కనిపించింది: “మన అమ్మాయిలు ఫైనల్ గెలిచారు. నేను చూడలేదు.” ఇన్ని వారాల్లో అతడు రాసినవాటిలో ఏమీ ‘అనిపించని’ మొదటి రచన అది. బాగుంది. ప్రిన్సిపాల్ దాన్ని చూశారనీ, కమిటీని మళ్ళీ పిలుస్తారనీ ఆటల మాస్టారు ఫోను చేసి చెప్పాడు. బస్తాలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

అతడు ఒక్క లైను సవరించాడు కనుక, న్యాయంగా నేనూ నా సమీక్షలో ఒక్క లైను సవరిస్తున్నాను: మైకు బాగానే పనిచేసింది.

గొంతు, జనం, కుర్చీల సంగతి ఆ సిమెంటు బస్తాలు తిరుగు లారీ ఎక్కాక ఆలోచిస్తాను.