మా ఊరి ఎత్తు పోయింది

ప్రభుత్వం తలుచుకుంటే కొండనైనా కిందకి దించగలదు. పెరూ దేశంలో టిటికాకా సరస్సు ఒడ్డున, సముద్రమట్టానికి మూడువేల ఎనిమిది వందల మీటర్ల పైన ఉండే మా కాంతుపాటా గ్రామం, ఒక సోమవారం ఉదయం తన ఎత్తంతా పోగొట్టుకుంది. ఆరోగ్య శాఖ కొత్త యాప్‌లో మమ్మల్ని సముద్రతీర గ్రామాల్లో చేర్చారు. తీరం అన్నాక ఎత్తు సున్నా. (ఎవరికీ దెబ్బలు తగల్లేదు.)

అప్పటికి మా అమ్మాయి ఎర్మెలిందాకు అయిదో నెల. నర్సు సెనోబియా వేలు గుచ్చి రక్తం చూసింది.

"హిమోగ్లోబిన్ పన్నెండున్నర. గాలి పలచన కదా మాస్టారూ, ఈ ఎత్తులో ఇంకా ఎక్కువ ఉండాలి. ఎత్తుకని మూడు తీసేసి చూస్తాం, అంటే తొమ్మిదిన్నరే, రక్తం తక్కువే. ఈ యాప్ తీయనంటోంది. సముద్రం పక్కన పన్నెండున్నర అంటే దివ్యంగా ఉన్నట్టట."

"మరి ఐరన్ మాత్రలు?"

"యాప్ ఒప్పుకుంటే గానీ బీరువా తెరవకూడదు."

ఎర్మెలిందా నవ్వింది. "పోనీలే అక్కా, సముద్రం వచ్చిందిగా, ఈత నేర్చుకుంటా."

గడప దాటితే ఆయాసపడేది. రక్తం పడుతుందని కోడి నెత్తురు వేపుడు చేసి పెడితే వాసనకే వాంతి చేసుకునేది.

అర్జీ పెట్టాను. రాజధాని లీమా నుంచి ఎత్తుల పరిశీలనాధికారి ఎవారిస్తో గారు స్వయంగా వచ్చారు. పడవల రేవు నుంచి బడి దాకా నడిచి, గోడ పట్టుకుని కూలబడ్డారు. పెదాలు నీలంగా మారాయి. సెనోబియా ఆక్సిజన్ పెట్టింది.

"ఇప్పుడైనా ఒప్పుకుంటారా సార్, ఇది కొండేనని?"

"సముద్రమట్టంలో కొండజబ్బు రాదమ్మా," అన్నారాయన మాస్కులోంచి. "కాబట్టి నాకొచ్చింది అది కాదు."

నివేదిక నిష్పక్షపాతంగా ఉంది: ఒడ్డు ఉంది, పడవలున్నాయి, చేపలున్నాయి, అధికారికి భోజనం పడలేదు.

(బడిలో ఊరి ఎత్తెంత అని అడిగాను. "ఏది చెప్పమంటారు సార్, నిజమా, మార్కులొచ్చేదా?" అన్నారు పిల్లలు.)

మా దగ్గర ఉన్ని టోపీలు అల్లేది మగవాళ్లే. పుట్టబోయే బిడ్డకి నేనొకటి మొదలుపెట్టాను. టోపీ అయి, చెవులు కప్పే రెండు పట్టీల్లో ఒకటి అయ్యేసరికి, ఎనిమిదో నెలలోనే పాప వచ్చేసింది. కేజీన్నర. టోపీ పెట్టి చూస్తే ముక్కు దాకా దిగింది.

"ఉండనీ నాన్నా, పెరుగుతుందిగా," అంది ఎర్మెలిందా.

పాప ఆ ఆదివారం దాకా ఉంది.

తల్లికి రక్తలోపం లేదనీ, బిడ్డ బరువు తగ్గడానికి కారణం తెలియదనీ యాప్ తేల్చింది.

పోయిన నెల మా ఎత్తు మాకు తిరిగొచ్చింది. సహనంతో సహకరించినందుకు శాఖ వారు ఊరిని అభినందించారు. ఎర్మెలిందా ఫోనుకి సందేశం కూడా వచ్చింది: మీకు రక్తం తక్కువగా ఉంది, బిడ్డ మంచి బరువుతో పుట్టడానికి వెంటనే మాత్రలు మొదలుపెట్టండి.

మాత్రలు తెచ్చి గూట్లో పెట్టాను.

టోపీకి రెండో చెవిపట్టీ ఇంకా అల్లలేదు.